నమూనా ఏ ప్రశ్నకు జవాబు?

2024 డిసెంబరు 31తో ఇన్‌విజన్ సేవలు ఆగిపోయాయి. స్క్రీన్ల బొమ్మలను లింకులతో కలిపి, నొక్కితే కదిలే నమూనాగా మార్చి క్లయింటుకు చూపించే అలవాటును డిజైన్ రంగమంతా పాకించిన సంస్థ అది. 2018లో దాని విలువను 190 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. ఆ దారిన పోయింది అదొక్కటే కాదు. ఫైర్‌వర్క్స్ అనే టూల్ అభివృద్ధికి అడోబీ 2013లోనే స్వస్తి చెప్పింది. అదే అడోబీ 2017లో పూర్తిస్థాయిలో విడుదల చేసిన ఎక్స్‌డీని 2023 వచ్చేసరికి కొత్తవారికి విడిగా అమ్మడం మానేసి, ఉన్నదాన్ని కాపాడుకోవడంతో సరిపెట్టింది. కోడు రాసి కదలికలు చేసే టూల్‌గా మొదలైన ఫ్రేమర్ ఇప్పుడు వెబ్‌సైట్లు కట్టే టూల్. పదేళ్ల కిందట ఏ టూల్‌లో ఏ సౌకర్యం ఉందో గళ్లు గీసి వేసిన పోలిక పట్టికలను ఇవాళ తెరిస్తే, వాటిలో చాలా పేర్లు ఇప్పుడు వేరే పని చేస్తున్నాయి, లేదా అసలు లేవు. పట్టికలు వేసినవాళ్లు అసమర్థులు కారు. ఎన్నాళ్లో నిలవని వాటిని మాత్రమే పోల్చారు.

అయినా చర్చ ఎప్పుడు మొదలైనా తీరు అదే. ఫిగ్మానా, స్కెచ్చా, యాక్షూరా, పెన్‌పాటా? ఏది చవక, దేనిలో హంగులెక్కువ, కోచింగులో ఏది నేర్పుతున్నారు? ఇవి అనవసరమైన ప్రశ్నలని అనను. రెండో వరుసలో కూర్చోవాల్సినవి ముందు వరుసకు వచ్చేశాయన్నదే అభ్యంతరం. ముందు వరుసలో ఉండాల్సిన ప్రశ్నను 1997లోనే యాపిల్‌లో పనిచేసిన స్టెఫనీ హౌడ్, చార్లెస్ హిల్ స్పష్టంగా అడిగారు: ఒక నమూనా అసలు దేనికి నమూనా? ఈ వస్తువు మనిషి జీవితంలో ఏ పనికొస్తుందో తేల్చుకోవడానికా? చూడటానికి, తాకడానికి ఎలా ఉంటుందో తెలుసుకోవడానికా? అది సాంకేతికంగా నిజంగా పనిచేస్తుందో లేదో చూసుకోవడానికా? ఒక నమూనా ఈ మూడింటిలో ఒకదానికి గట్టిగా జవాబు చెప్పి, మిగతా రెండింటి విషయంలో మౌనంగా ఉండవచ్చు. ఆ మౌనాన్ని కూడా జవాబుగా పొరబడితేనే చిక్కు. నున్నగా మెరిసే స్క్రీన్ ఎదురుగా ఉంటే చూసేవాళ్లు మూడింటికీ జవాబు దొరికిందనుకుంటారు. నిజానికి దొరికింది ఒక్కదానికే.

నా వాదన ఇది. ఆలోచన ఇంకా కుదురుకోని దశకు, ఏ మమకారమూ లేకుండా పారేయగలిగిన టూల్ ఒకటి కావాలి. నిర్ణయం ఖరారయ్యే దశకు, అసలు వస్తువు దేనితో తయారవుతుందో దానికి వీలైనంత దగ్గరగా ఉండే టూల్ మరొకటి కావాలి. ఈ రెండింటినీ వేర్వేరుగా ఎంచుకోవాలి. వీటి నడుమ అందమైన బొమ్మలు గీసే టూల్ ఒకటి ఉంటుంది. ఇవాళ ఆ చోటు దాదాపు ఫిగ్మాదే. దాని పని దానికి ఉంది, బాగా చేస్తుంది కూడా. అటు చివరి పనీ ఇటు చివరి పనీ కూడా అదే చేసిపెడుతుందని నమ్మడం దగ్గరే లెక్క తప్పుతోంది.

మొదటి చివర సంగతి చూద్దాం. చిత్తుగీతల నమూనాతో పరీక్షిస్తే అసలు లోపాలు బయటపడవన్నది చాలాకాలంగా ఉన్న అనుమానం. దీన్ని ఊహలతో కాక పరీక్షలతో తేల్చే ప్రయత్నాలు జరిగాయి. 1996లో విర్జీ, సొకలోవ్, కారిస్ ఒక ఎలక్ట్రానిక్ పుస్తకం మీద, ఫోనులో గొంతుతో జవాబిచ్చే ఒక వ్యవస్థ మీద మొరటు నమూనాలతోనూ, మెరుగుపెట్టిన నమూనాలతోనూ పరీక్షలు నడిపారు. వాడుకరులు ఎక్కడెక్కడ తడబడతారో కనిపెట్టడంలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2002లో వాకర్, టకయామా, లాండే వెబ్ పేజీల విషయంలో కాగితాన్నీ కంప్యూటరునూ, చిత్తునూ మెరుగునూ పోల్చి చూశారు. వాళ్లు చేరిన చోటూ దాదాపు అదే. అయితే ఈ అధ్యయనాల మీద మోయగలిగినంత బరువే పెట్టాలి. దారి తప్పడం, మాట అర్థం కాకపోవడం, తర్వాత ఏం నొక్కాలో తెలియకపోవడం వంటి లోపాలకే ఈ తీర్పు వర్తిస్తుంది. వేలితో లాగినప్పుడు జాబితా ఎంత వేగంగా జారాలి, పేజీ తెరుచుకోవడానికి పట్టే క్షణాలు ఎంత చిరాకు పుట్టిస్తాయి అన్న ప్రశ్నలకు కాగితం దగ్గర జవాబు లేదు.

చిత్తుదశ టూల్‌కు ఇంతకన్నా పెద్ద బలం మరొకటుంది. అది ఎన్ని ప్రత్యామ్నాయాలు గీయనిస్తుంది అన్నది. 2006లో తొహిది, బక్స్‌టన్ తదితరులు ఇంట్లో ఉష్ణోగ్రతను సర్దుబాటు చేసే పరికరానికి మూడు రకాల కాగితపు నమూనాలు తయారుచేశారు. కొందరికి ఒక్కటే చూపించారు, మరికొందరికి మూడూ చూపించారు. ఒక్కదాన్నే చూసినవాళ్లు మార్కులు ధారాళంగా వేశారు, తప్పులు పట్టడానికి మొహమాటపడ్డారు. మూడూ చూసినవాళ్లు అవే నమూనాలను తక్కువ చేసి, నిక్కచ్చిగా విమర్శించారు. 2010లో స్టీవెన్ డౌ బృందం ప్రచురించిన అధ్యయనం ఇదే విషయాన్ని గీసేవారి వైపు నుంచి చూసింది. ఒక పత్రిక కోసం వెబ్ ప్రకటనలు తయారుచేసే పనిలో, ఒకదాని తర్వాత ఒకటి దిద్దుకుంటూ పోయినవారి కంటే, కొన్నింటిని పక్కపక్కనే గీసి ఆ తర్వాత అభిప్రాయం తెలుసుకున్నవారి ప్రకటనలకే ఎక్కువ క్లిక్కులు పడ్డాయి. అందుకని మొదటి దశ టూల్‌ను అడగాల్సింది ఒక్కటే: గంటలో ఎన్ని వేర్వేరు ఆలోచనలు గీయనిస్తుంది? కాగితం, పెన్సిలు, వైట్‌బోర్డు ఈ పోటీలో ఇప్పటికీ ముందే ఉన్నాయి. దూరదూరంగా పనిచేసే బృందాలకు, 2008లో ఇటలీలోని బొలోన్యా నుంచి వచ్చిన బాల్సామిక్ చాలు. అది తన గీతలను కావాలనే చేత్తో గీసినట్టు వంకరగా ఉంచుతుంది. చూసినవాళ్లు ఇది ఇంకా ఖరారు కాలేదని వెంటనే గ్రహించాలనే. పునాది తవ్వకముందు స్థలంలో ముగ్గుపిండితో గదుల గీతలు పోస్తారు. ఇంటివాళ్లు వాటి మధ్య నడిచి చూసి, వంటిల్లు ఇరుకైందంటే కాలితో చెరిపేస్తారు. సున్నం వేసిన గోడ ముందు అలా ఎవరూ మాట్లాడరు.

దీనికి ఎదురొచ్చే మాట తెలిసిందే: క్లయింటుకు చిత్తుకాగితం చూపిస్తే పనితనం లేదనుకుంటాడు. బయటి క్లయింట్లకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే కంపెనీల్లో ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ మాట కాదు. కాంట్రాక్టే మెరిసే స్క్రీన్ల మీద దొరుకుతుంది. కానీ అక్కడ ఆ స్క్రీన్లు చేస్తున్నది అమ్మకం, పరిశోధన కాదు. అమ్మకానికి గీసినదాన్నే పరిశోధన ఫలితంగా డెవలపర్ల ముందు పెట్టడంలోనే మోసం ఉంది, ఎవరూ ఉద్దేశించి చేయకపోయినా. పైగా రంగులద్దిన బొమ్మను ముందు పెట్టి అభిప్రాయం అడిగితే వచ్చేవి రంగుల మీద అభిప్రాయాలే. ఫారం నింపేటప్పుడు మూడో మెట్టులో ఆధార్ ఎందుకు అడుగుతున్నారన్న ప్రశ్న ఆ సమావేశంలో ఎవరి నోటా రాదు. క్లయింటుకు నున్నటి బొమ్మలు చూపించండి, తప్పులేదు. దానికి ముందే మొరటు గీతలతో నలుగురు వాడుకరులను కూర్చోబెట్టి ఉండాలి.

ఇక నడుమ నిలిచిన టూల్. దాని విజయాన్ని తక్కువ చేయడం అన్యాయం. డిలన్ ఫీల్డ్, ఇవాన్ వాలెస్ 2012లో మొదలుపెట్టిన ఫిగ్మా 2016లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అప్పటికి రాజ్యమేలుతున్నది 2010లో పుట్టిన స్కెచ్. అది మ్యాక్ కంప్యూటర్ల మీదే నడిచేది. ఫైలు ఒకరి దగ్గర ఉంటే మరొకరు ఎదురుచూడాలి. ఫైనల్, ఫైనల్ 2, అసలు ఫైనల్ అని పేర్లు పెట్టుకుంటూ పోవాలి. ఫిగ్మా బ్రౌజర్‌లో నడుస్తుంది కాబట్టి విండోస్ కంప్యూటరు ఉన్న డెవలపరు, ప్రాడక్ట్ మేనేజరు, మాటలు రాసేవారు అంతా ఒకే ఫైలులో ఒకేసారి ఉండగలిగారు. ఉచితంగా మొదలుపెట్టే వీలు, విద్యార్థులకు ఇచ్చిన సదుపాయం వల్ల మ్యాక్ కొనలేని పిల్లలకూ ఈ వృత్తి తలుపు తెరుచుకుంది. హైదరాబాద్, విజయవాడల్లో చదువుకుంటున్నవాళ్లకు అది చిన్న సంగతి కాదు. ఒక బృందం ఒక నిర్ణయానికి వచ్చి, దాన్ని అందరికీ కనిపించేలా పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఇప్పటిదాకా రాలేదు. నేను మెచ్చుకునేదీ అదే, హద్దు గీసేదీ అక్కడే. అది ఒప్పందం కుదుర్చుకునే చోటు. ఆ ఒప్పందం నిజంగా నిలుస్తుందో లేదో చెప్పే చోటు కాదు.

ఎందుకు కాదో చూడటానికి తెలుగు స్క్రీన్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఫిగ్మా అక్షరాలను బ్రౌజర్‌కు వదలకుండా తన సొంత యంత్రాంగంతో గీసుకుంటుంది. అసలు యాప్‌లో ఆ పని ఆండ్రాయిడ్‌దో, ఐఫోన్‌దో, క్రోమ్‌దో. ఆంగ్లానికి ఈ తేడా పెద్దగా కనిపించదు. తెలుగుకు కనిపిస్తుంది. మన అక్షరం పైకీ ఎదుగుతుంది, కిందికీ దిగుతుంది. నెత్తిన గుడి, పాదాన వత్తు, ఒక్కోసారి వత్తు కింద మరో వత్తు. లాటిన్ అక్షరాలకు లెక్కగట్టిన వరుస ఎత్తులో ‘స్త్రీ’ని పెడితే ఏదో ఒక చివర కత్తిరించుకుపోతుంది. లేదా కింది వరుసలోని గుడి పై వరుసలోని వత్తును ఢీకొంటుంది. నమూనాలో ఎంచుకున్న ఫాంటు వాడుకరి ఫోనులో లేకపోతే ఈ కొలతలన్నీ మళ్లీ మారతాయి. బొమ్మలో అందంగా ఇమిడిన బటన్ మీది మాట అసలు ఫోనులో రెండు వరుసలవుతుంది. ‘సబ్మిట్’ అని ఆంగ్లంలో ఆరక్షరాలకు గీసిన పెట్టెలో ‘సమర్పించండి’ ఇరుక్కోవాలి. ఇవి కంటికి కనిపించే చిక్కులు కనుక కనీసం ఎప్పుడో ఒకప్పుడు పట్టుబడతాయి.

కనిపించనివి వేరే ఉన్నాయి. ‘స్త్రీ’ చదివేవారికి ఒక్క అక్షరం, యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు. పేరు ముప్పై అక్షరాలు దాటకూడదని నమూనాలో రాసుకున్న నియమం కోడులోకి వెళ్లాక ఏ ముప్పైని లెక్కిస్తుంది? పొడుగు శీర్షికను మధ్యలో కోసి చుక్కలు పెట్టే కోడు ‘శాస్త్రం’ అనే మాటను పొల్లు దగ్గర తుంచేసి ‘శాస్త్’ అని వేలాడదీస్తుంది. ‘రవి’ అని నింపిన నమూనాలో ‘రవికి డబ్బు అందింది’ అని సలక్షణంగా ఉంటుంది. ఆ వాక్యాన్నే అచ్చుగా వాడి పేరు మాత్రం మారిస్తే, ‘కి’ చెల్లే పేర్లతో పాటు ‘కు’ కావాల్సిన పేర్లూ వస్తాయి, అక్కడి నుంచి వంకర తెలుగు మొదలవుతుంది. డబ్బు పంపినవారి గురించి చెప్పే వాక్యమైతే, వారు ఆడా మగా అన్నదాన్ని బట్టి క్రియ మారాలి, లేదా గౌరవ వాచకంతో దాటేయాలి. ఆ నిర్ణయం ఎవరో ఒకరు తీసుకోవాలి. బొమ్మలో ఒకే పేరు, ఒకే వాక్యం ఉన్నంతకాలం ఆ అవసరం ఉందనే ఎవరికీ తెలియదు. వ్యాకరణం దాటి ఇంకా లోతుకు పోతే, 2018 ఫిబ్రవరి సంఘటన ఉంది. ఒక తెలుగు అక్షర సముదాయం ఉన్న సందేశాన్ని చూపించబోయి ఐఫోన్లలో యాపులు కుప్పకూలాయి. ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దాన్ని సరిదిద్దాల్సి వచ్చింది. అది డిజైనర్ల తప్పు కాదు, ఏ నమూనాలోనూ ముందే పట్టుబడేది కాకపోవచ్చు కూడా. కానీ అక్షరం ఒక బొమ్మ కాదనీ, దాన్ని గీసే యంత్రం ఏదన్నది కూడా డిజైన్‌లో భాగమేననీ అంత గట్టిగా చెప్పిన సంఘటన మరొకటి లేదు.

కాబట్టి తెలుగులో వాడే ఏ వ్యవస్థకైనా రెండో చివర టూల్‌ను ఎంచుకునేటప్పుడు మొదటి పరీక్ష ఇలా ఉండాలి. నిజమైన తెలుగు పేర్లు, ఊర్లు, తండ్రి పేరూ ఇంటిపేరూ కలిసిన పొడుగు పేర్లు, ఖాళీగా వదిలిన గళ్లు, తప్పు నింపిన గళ్లు: ఇవన్నీ తెచ్చి వరసగా పోయగలమా? అసలు ఫోనులో, అసలు ఫాంటుతో చూడగలమా? షరతులు, చరరాశులు పెట్టుకునే వీలున్న యాక్షూర్ ఈ విషయంలో కొంత దూరం తీసుకెళ్తుంది. తప్పు నింపితే ఏం జరగాలో అందులో నిజంగా నడిపి చూపవచ్చు. ఇంకా దూరం వెళ్లేది కోడే. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం తన డిజైనర్లకు గవ్.యూకే ప్రోటోటైప్ కిట్ అనేదాన్ని ఇచ్చింది. దానితో చేసే నమూనాలు హెచ్‌టీఎంఎల్‌లో ఉంటాయి, బ్రౌజర్‌లో నిజమైన పేజీల్లా నడుస్తాయి. వాటినే అసలు సేవగా వాడొద్దని కూడా ఆ కిట్‌తో పాటే చెబుతారు. ఆ హెచ్చరిక విలువైనది. నమూనా అసలు పదార్థంతో చేసినా నమూనాయే, పరీక్షించి పక్కన పెట్టాల్సిందే.

కోడు నమూనాకు అనుకూలంగా ఇంకో కారణం ఇటీవల మన దేశంలో చట్టబద్ధంగా బలపడింది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణ కిందికి వస్తుందని 2025 ఏప్రిల్ 30న ప్రగ్యా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆన్‌లైన్ కేవైసీలో కెమెరా ముందు కనురెప్పలు ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, చూపులేని వారు వేసిన కేసులవి. తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడరుతో వాడేవారికి ఒక స్క్రీన్ ఎలా ఉంటుందో, కీబోర్డు ట్యాబ్ నొక్కితే ఏ గడి తర్వాత ఏ గడికి పోతుందో బొమ్మల నమూనా దాదాపు చెప్పదు. చెప్పినా పైపైనే. రంగుల మధ్య తేడా సరిపోతుందా అన్నంతవరకు బొమ్మలోనే చూసుకోవచ్చు. అంతకు మించింది ఆ స్క్రీన్‌ను కోడులో నిలబెట్టాకే తెలుస్తుంది. అన్నీ కట్టాక తెలియడానికీ, కట్టకముందే నాలుగు పేజీల కోడు నమూనాతో తెలుసుకోవడానికీ ఖర్చులో ఎంత తేడా ఉంటుందో ప్రాజెక్టు నడిపినవారికి చెప్పనక్కర్లేదు.

మరికొన్ని సందర్భాల్లో స్క్రీన్ గీసే టూలే పక్కదారి పట్టిస్తుంది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన మీసేవ కేంద్రాలను తీసుకోండి. అక్కడ కీబోర్డు ముందు కూర్చునేది ఆపరేటరు. సర్టిఫికెట్ కావలసినవారు బల్లకు ఇవతల నిలబడి జవాబులు చెబుతారు. ఆపరేటరు రోజూ అదే ఫారం నింపుతాడు కనుక అతనికి కావలసింది వేగం. ఇవతలివారికి కావలసింది తన పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకునే వీలు. వాడుకరి ఒక్కరే అని ఊహించుకుని గీసే ఏ వైర్‌ఫ్రేమూ ఈ ఇద్దరి మధ్య నడిచే మాటలను పట్టుకోదు. అలాగే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్‌లో తెచ్చిన మన మిత్ర. అక్కడ గీయడానికి స్క్రీన్ దాదాపు లేదు. వాట్సాప్ గీసిపెట్టినదే స్క్రీన్. డిజైన్ అంతా ఏ ప్రశ్న ముందు అడగాలి, జవాబు తేడాగా వస్తే ఏమనాలి, ఎక్కడ బటన్ ఇవ్వాలి, ఎక్కడ టైపు చేయనివ్వాలి అన్నదాంట్లోనే ఉంది. ఇలాంటిదాన్ని ఫోను బొమ్మలో పచ్చబుడగలు గీసి పరీక్షించడం కాలయాపన. ఐబీఎంలో గూల్డ్ బృందం 1983లో ప్రచురించిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. మాట్లాడితే టైపు చేసే యంత్రం అప్పటికి లేదు. పక్కగదిలో ఒక టైపిస్టును కూర్చోబెట్టి, యంత్రమే టైపు చేస్తున్నట్టు చూపించి, జనం దానితో ఎలా మాట్లాడతారో గమనించారు. వాట్సాప్ సేవను కట్టకముందే ఒక మామూలు ఫోను, అవతల ముందే రాసిపెట్టుకున్న జవాబులతో ఒక మనిషి ఉంటే ఆ నమూనా తయారు. కొనాల్సిన లైసెన్సు ఏదీ లేదు.

ఇన్ని టూల్స్ ఎందుకు, ఒక్కటే అయితే శిక్షణా ఖర్చూ తగ్గుతుంది, ఫైళ్లూ ఒకచోట ఉంటాయి అనేవారున్నారు. ఉద్యోగ ప్రకటనలు కూడా ఫిగ్మా వచ్చా అనే అడుగుతాయి కనుక చదువుకునేవారికి అదే నేర్పాలన్నది దాని తోకగా వచ్చే వాదన. రెండింటిలోనూ నిజం ఉంది. ఇద్దరో ముగ్గురో ఉన్న చిన్న బృందం నాలుగు చందాలు కట్టాలని ఎవరూ చెప్పరు. కానీ నేను అడుగుతున్న రెండు చివరలూ డబ్బు ఖర్చయ్యేవి కావు. ఒక చివర కాగితం, మరో చివర బ్రౌజరు. ఖర్చయ్యేది అలవాటు. ఉద్యోగం సంగతికి వస్తే, ఒకే టూల్ మీటలు నేర్చుకున్నవారికి 2015లో స్కెచ్ నేర్చుకున్నవారి గతే పడుతుంది. ఆ నేర్పులో వాళ్లకు మిగిలింది స్కెచ్ మెనూలు కాదు, వరుసలు, అంచులు, ఫారాల గురించి నేర్చుకున్నది. డిజైనరుకు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ ఎందుకనే అభ్యంతరం ఈ దేశంలో ఇప్పటికీ వినిపించడం నాకు వింతగానే ఉంటుంది. ఇన్ని టూల్స్ వచ్చిపోయినా ఆ రెండూ మాత్రం ఎటూ పోలేదు.

ఎటూ పోకపోవడం అన్నది ఎంపికలో చాలామంది ఆఖర్న చూసేది, నా లెక్కలో ముందే చూడాల్సింది. 2022 సెప్టెంబరులో ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు అడోబీ ప్రకటించింది. బ్రిటన్, యూరప్ పోటీ నియంత్రణ సంస్థలు అడ్డుచెప్పడంతో 2023 డిసెంబరులో ఒప్పందం రద్దయింది. అడోబీ 100 కోట్ల డాలర్ల పరిహారం కట్టింది. ఫిగ్మా 2025 జులైలో స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. అడోబీ ప్రకటన నుంచి రద్దు దాకా గడిచిన ఆ పదిహేను నెలలూ లక్షలాది ఫైళ్ల భవిష్యత్తు వాటి యజమానుల చేతుల్లో లేదన్నది మాత్రం కాసేపు అందరికీ కనిపించింది, ఆ తర్వాత మరిచిపోయారు. ఫిగ్మా ఫైలును మరో టూల్ పూర్తిగా తెరవగలిగేలా దాని నిర్మాణాన్ని ఆ సంస్థ ప్రచురించలేదు. బొమ్మలుగా దించుకోవచ్చు గాని, నొక్కితే ఎటు పోతుందన్న తెలివి దిగిరాదు. స్కెచ్ ఈ విషయంలో మెరుగ్గా ప్రవర్తించింది. 2017లో తన ఫైలు నిర్మాణాన్ని ఎవరైనా చదవగలిగే రూపంలోకి మార్చింది. మ్యాడ్రిడ్‌లోని కలీడోస్ సంస్థ తెచ్చిన పెన్‌పాట్ ఇంకో అడుగు ముందుకేసింది. దాని కోడు బహిరంగం, సొంత సర్వర్ మీద నడుపుకోవచ్చు, మొదటి నుంచీ ఎస్‌వీజీ, సీఎస్‌ఎస్ వంటి వెబ్ ప్రమాణాలనే ఆధారం చేసుకుంది. పెద్ద ఫైళ్ల దగ్గర, ప్లగిన్ల సంఖ్యలో ఫిగ్మాకు సాటి రాదని వాడేవారంటారు. ఒక స్టార్టప్‌కు అది అడ్డే కావచ్చు. ఇరవై ఏళ్లు నడవాల్సిన భూరికార్డుల స్క్రీన్లు గీయించుకునే ప్రభుత్వ శాఖకు మాత్రం లెక్క వేరు. డిజైన్ ఫైళ్లు తన సర్వర్లో, తాను తెరవగలిగే రూపంలో ఉండాలని టెండరులో ఒక వాక్యం రాయించుకోవడం ఏ సౌకర్యం కన్నా ఎక్కువ విలువైనది.

కృత్రిమ మేధ వచ్చాక ఈ తర్జనభర్జనే అనవసరమన్నది ఆఖరి అభ్యంతరం. కావలసింది మాటల్లో చెబితే స్క్రీన్లు, కోడు కూడా వచ్చేస్తున్నాయి. వెర్సెల్ 2023లో తెచ్చిన వీ0, గూగుల్ 2025లో తెచ్చిన స్టిచ్, అదే ఏడాది వచ్చిన ఫిగ్మా మేక్ ఈ పనే చేస్తాయి. నా వాదనలో సగానికి ఇది బలమే. కోడులో నమూనా చేయడం ప్రోగ్రామర్లకే సాధ్యమన్న సాకు పోయింది, అసలు పదార్థంతో పరీక్షించే ఖర్చు పడిపోయింది. తెలుగు పేర్ల జాబితాను ఆ కోడులోకి పోసి అసలు ఫోనులో చూడటం ఇప్పుడు ఒక మధ్యాహ్నం పని. మిగతా సగానికి ఇది ముప్పు. అడగ్గానే వచ్చేది ఒక్క జవాబు, అదీ పూర్తిగా నునుపుదేలి వస్తుంది. తొహిది పరీక్షలో ఒకే నమూనా చూసి మార్కులు ధారాళంగా వేసినవారి స్థితి మళ్లీ మనకే, ఇంకా తీవ్రంగా. వచ్చేది కూడా ఇంతకుముందు ఎక్కువగా కనిపించినదే. 2024లో ఫిగ్మాలోని ‘మేక్ డిజైన్’ అనే సౌకర్యం ఇచ్చిన వాతావరణ యాప్ బొమ్మలు యాపిల్ వాతావరణ యాప్‌ను పోలి ఉన్నాయని విమర్శ వచ్చి, ఆ సౌకర్యాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ముందుగా ఎక్కువగా కనిపించినవాటిలో మీసేవ బల్లకు ఇవతల నిలబడే మనిషి లేడు. ఈ టూల్స్‌ను రెండో చివర ధైర్యంగా వాడవచ్చు. మొదటి చివర వాడాల్సి వస్తే, ఒకే కోరికకు కాకుండా ఒకదానికొకటి పొసగని మూడు కోరికలకు మూడు జవాబులు అడిగి, మూడింటినీ నలుపుతెలుపుల్లోకి మార్చి, వాడుకరి ముందు ఒకేసారి పెట్టాలి.